1941 వాషింగ్టన్ మార్చ్‌ని రాండాల్ఫ్ ఆపేయడం సరైన పనేనా?

రైలుపట్టా (ఆదివారం, ఉదయం 10:12)

అందరికీ నమస్కారం. వాషింగ్టన్ మార్చ్ అనగానే మనకు 1963, మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం గుర్తొస్తాయి. దానికి 22 ఏళ్ల ముందే అలాంటి మార్చ్ ఒకటి తలపెట్టారు. అది జరగలేదు. జరగకుండానే అమెరికా అధ్యక్షుడి చేత ఉత్తర్వు ఇప్పించింది. దాని మీద మీ అందరి మాటా వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

1940 నాటికి ఐరోపాలో యుద్ధం నడుస్తోంది. అమెరికా ఇంకా దిగలేదు గానీ విమానాలు, ఓడలు, తూటాలు చేసే ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు పనిచేస్తున్నాయి. పదేళ్ల మాంద్యంలో పనుల్లేక అల్లాడిన తెల్లవాళ్లను పిలిచి మరీ ఉద్యోగాలిస్తున్నారు. నల్లజాతివాళ్లు వెళితే గేటు దగ్గరే ఆపేస్తున్నారు. నార్త్ అమెరికన్ ఏవియేషన్ అనే విమానాల కంపెనీ అయితే దాపరికం లేకుండా చెప్పింది: ఎంత శిక్షణ పొందినవాళ్లయినా సరే, నల్లజాతివాళ్లను మెకానిక్కులుగా తీసుకోం, ఊడ్చే పని ఉంటే ఇస్తాం అని. ఎన్నో యూనియన్లు కూడా వాళ్లకు సభ్యత్వం ఇచ్చేవి కావు. సైన్యంలో వాళ్లకు వేరే రెజిమెంట్లు. నౌకాదళంలో వంట, వడ్డన పనులే. మెరైన్ దళంలో అసలు ప్రవేశమే లేదు.

1940 సెప్టెంబరు 27న ముగ్గురు నాయకులు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ని కలిశారు. రైలు పోర్టర్ల యూనియన్ నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్, నల్లజాతివాళ్ల కోసం పనిచేసే సంఘాలైన ఎన్ఏఏసీపీ నుంచి వాల్టర్ వైట్, అర్బన్ లీగ్ నుంచి ఆర్నాల్డ్ హిల్. ఆయన బాగానే మాట్లాడి పంపారు. అక్టోబరులో వైట్‌హౌస్ ప్రకటన వచ్చింది: ఒకే రెజిమెంటులో నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ కలిపేది లేదని. పైగా ఈ ముగ్గురినీ సంప్రదించాకే ఆ నిర్ణయం తీసుకున్నట్టు ప్రెస్ సెక్రటరీ చెప్పాడు. సొంత జనం ముందు వాళ్ల పరువు తీసిన పని అది.

ఇక మెమొరాండాలతో లాభం లేదని రాండాల్ఫ్ తేల్చుకున్నాడు. 1941 జనవరిలో 10,000 మందితో వాషింగ్టన్‌కి నడుద్దామని పిలుపిచ్చాడు. దేశం కోసం పనిచేసే హక్కు, దేశం కోసం పోరాడే హక్కు రెండూ కావాలన్నది నినాదం. తేదీ జులై 1. వేసవి వచ్చేసరికి లక్ష మంది వస్తారని చెబుతున్నారు. జూన్ 18న రూజ్‌వెల్ట్ వాళ్లను పిలిపించి, నిజంగా ఎంతమంది వస్తారని అడిగారు. లక్ష అన్నాడు రాండాల్ఫ్. నమ్మకం కుదరక వాల్టర్ వైట్ వైపు తిరిగి అడిగారు. ఆయనా లక్షే అన్నాడు.

జూన్ 25న 8802 నంబరు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ వచ్చింది. రక్షణ పరిశ్రమల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో జాతి, మతం, రంగు, పుట్టిన దేశం చూసి వివక్ష చూపకూడదని. దాన్ని చూడడానికి ఎఫ్ఈపీసీ అనే కమిటీ పెట్టారు. సైన్యం ఊసే లేదు. మార్చ్ ఆగిపోయింది.

నినాదంలో ఉన్నవి రెండు హక్కులు, చేతికొచ్చింది ఒకటి. ఆ ఒక్కదానికి మార్చ్‌ని ఆపేయవచ్చా? నా వరకు నేను రాండాల్ఫ్ పక్షం. ఎందుకో తర్వాత చెబుతాను.

కృష్ణలంక కుర్రాడు (ఆదివారం, 10:40)

రైళ్లలో పక్కలు వేసే పోర్టర్ల నాయకుడికి, దేశాధ్యక్షుడిని ఒప్పించే బలం ఎక్కడి నుంచి వచ్చిందన్నా? లక్ష మందిని తెస్తానంటే ఆయన నమ్మడమేంటి?

పాత గార్డు (ఆదివారం, 11:55)

నేను రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి ఇది నేను చెబుతాను బాబూ.

పుల్‌మన్ కంపెనీ స్లీపర్ బోగీలు నడిపేది. ఆ బోగీల్లో పోర్టర్లందరూ దాదాపు నల్లజాతివాళ్లే. బానిసత్వం పోయాక కంపెనీ కావాలనే వాళ్లను తీసుకుంది. తక్కువ జీతానికి, తల వంచుకుని సేవ చేస్తారని. పక్కలు పరచాలి, బూట్లు పాలిష్ చేయాలి, అర్ధరాత్రి బెల్ కొట్టినా లేవాలి. జీతం చాలదు, టిప్పుల మీద బతకాలి. కంపెనీ యజమాని పేరు జార్జ్ పుల్‌మన్ కాబట్టి ప్రయాణికులు ప్రతి పోర్టర్‌నీ జార్జ్ అనే పిలిచేవాళ్లు. బానిసను యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు అది. నెలకు 400 గంటలు డ్యూటీ. బండి కదలక ముందు చేసే పనికి కూలీ లేదు.

1925లో వాళ్లు యూనియన్ పెట్టుకుంటూ రాండాల్ఫ్‌ని నాయకుడిగా ఉండమన్నారు. ఆయన పోర్టర్ కాదు. అందుకే పిలిచారు, కంపెనీ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేయలేదు కదా. న్యూయార్క్‌లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెమ్‌లో పత్రిక నడుపుతున్న సోషలిస్టు ఆయన. పన్నెండేళ్లు పట్టింది కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించడానికి. మధ్యలో ఎంతమంది ఉద్యోగాలు పోయాయో. 1937 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. నెలకు 400 గంటలు 240కి దిగింది, జీతం పెరిగింది. ఒక పెద్ద అమెరికన్ కంపెనీ నల్లజాతి యూనియన్‌తో అలా సంతకం పెట్టడం అదే మొదలు.

ఇక నువ్వడిగిన బలం సంగతి. పోర్టర్ ఇవాళ షికాగోలో ఉంటాడు, రేపు మెంఫిస్‌లో, ఎల్లుండి న్యూ ఆర్లీన్స్‌లో. నల్లజాతి పత్రికలను దక్షిణాది ఊళ్లకు మోసింది వాళ్లే. షికాగో డిఫెండర్‌ని అక్కడి షెరీఫ్‌లు చూస్తే గొడవ చేసేవాళ్లు కాబట్టి దాచి తీసుకెళ్లి, ఊరి బయట బండి నెమ్మదించినప్పుడు కట్టలు విసిరిన సందర్భాలున్నాయి. మార్చ్ కబురు కూడా అలాగే పాకింది. దేశంలో ఏ ఊళ్లో ఎంతమంది కదులుతారో రాండాల్ఫ్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసే వీల్లేదు. ఖర్చు యూనియన్ చందాలతోనూ, జనం దగ్గర పోగుచేసిన చిల్లరతోనూ నడిచింది. ఎవరి దయా అక్కర్లేనివాడు అధ్యక్షుడి ఎదుట కూర్చుంటే మాట వేరుగా ఉంటుంది.

సీతాకోక (ఆదివారం, మధ్యాహ్నం 1:20)

పాత గార్డు గారు చెప్పినదానికి కొంచెం చేరుస్తానండి. ఆ పన్నెండేళ్లూ రాండాల్ఫ్ ఇల్లు ఎలా గడిచిందో అడగాలి. ఆయన భార్య లూసిల్ గ్రీన్ హార్లెమ్‌లో బ్యూటీ సెలూన్ నడిపేవారు. శిరోజాల వ్యాపారంలో పేరున్న మేడమ్ సి.జె. వాకర్ దగ్గర పని నేర్చుకున్నారు. ఆయన పత్రిక ఖర్చులూ, ఇంటి ఖర్చులూ చాలావరకు ఆ సంపాదనే మోసింది. యూనియన్‌కి మహిళా విభాగం ఉండేది, హెలీనా విల్సన్ దాని అధ్యక్షురాలు. భర్త యూనియన్‌లో ఉన్నాడని తెలిస్తే కంపెనీ తీసేస్తుందన్న భయంతో చాలాచోట్ల మీటింగులకు వెళ్లిందీ, చందాలు కట్టిందీ ఆడవాళ్లే.

1941 జూన్ 18న వైట్‌హౌస్‌కి వెళ్లినవాళ్లలో న్యూయార్క్ టీచర్ లేల్ లేన్ కూడా ఉన్నారు. ఆ సమావేశం గురించి రాసేవాళ్లు ఆమె పేరు వదిలేయడం నాకు కోపం తెప్పిస్తుంది.

అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ పాత్ర కూడా చెప్పాలి. జూన్ 13న న్యూయార్క్ సిటీ హాల్‌లో రాండాల్ఫ్‌ని కలిసి మార్చ్ మానుకోమని అడిగింది ఆవిడే. ఆవిడకు వాళ్ల మీద సానుభూతి లేక కాదు. వాషింగ్టన్‌లో హోటళ్లు నల్లజాతివాళ్లను రానివ్వవు, పోలీసుల్లో ఎక్కువమంది దక్షిణాదివాళ్లు, ఇంతమంది ఎక్కడ తింటారు, ఎక్కడ పడుకుంటారు అని ఆవిడ బెంగ. ఎక్కడ హోటల్ కనిపిస్తే అక్కడికే వెళ్తారు అన్నాడు రాండాల్ఫ్. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చిన మాట ఇది.

మాజీ హవల్దార్ (ఆదివారం, సాయంత్రం 4:05)

ఉద్యోగాల సంగతి మీరందరూ చూస్తున్నారు. సైన్యం సంగతి నేను అడుగుతాను. మాది మాధవరం దగ్గర పల్లె. మా వైపు ఇంటికొకరు సైన్యంలో ఉంటారు. యూనిఫాం వేసుకున్నవాడికి అవమానం జరిగితే మాకు మామూలు సంగతిలా అనిపించదు.

డోరీ మిల్లర్ గురించి వినండి. టెక్సస్ వాడు, వెస్ట్ వర్జీనియా అనే యుద్ధనౌకలో మెస్ అటెండెంట్. అంటే అధికారులకు వడ్డించే పని. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగినప్పుడు గాయపడ్డవాళ్లను మోశాడు, తర్వాత విమాన విధ్వంసక మెషీన్‌గన్ ఎక్కి కాల్చాడు. ఆ గన్ మీద అతనికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. ఇవ్వరు కూడా, రంగు అడ్డం. నేవీ క్రాస్ పతకం ఇచ్చారు. 1943 నవంబరులో అతనున్న ఇంకో ఓడ మునిగి చనిపోయాడు. అప్పటికీ అతని పని వంటశాల విభాగంలోనే.

1944 జులై 17న కాలిఫోర్నియాలో పోర్ట్ షికాగో అనే రేవులో ఓడలకు మందుగుండు ఎక్కిస్తుంటే పేలిపోయింది. 320 మంది చనిపోయారు. అందులో 202 మంది నల్లజాతివాళ్లు. ఎక్కించే పని వాళ్లదే, పైన అధికారులు తెల్లవాళ్లు. మందుగుండు ఎలా పట్టుకోవాలో సరైన శిక్షణ లేదు. ఎవరి జట్టు ఎక్కువ ఎక్కిస్తుందని అధికారులు పోటీలు పెట్టేవాళ్లు. నెల తిరక్కుండా మళ్లీ అదే పనికి పొమ్మంటే 258 మంది మేం వెళ్లం అన్నారు. అందులో 50 మంది మీద తిరుగుబాటు నేరం మోపి 8 నుంచి 15 ఏళ్ల శిక్షలు వేశారు. యుద్ధం అయ్యాక 1946లో విడుదల చేశారు గానీ ఆ మచ్చ పోలేదు. అమెరికా నౌకాదళం వాళ్లను నిర్దోషులుగా ప్రకటించింది 2024 జులైలో. 80 ఏళ్లు! ఆ మాట వినడానికి ఆ 50 మందిలో ఒక్కడూ బతికి లేడు.

8802లో సైన్యం కూడా ఉండి ఉంటే ఆ రేవులో పని అలా నడిచేదా? రాండాల్ఫ్ ఉద్యోగాలు తీసుకుని సైనికుణ్ని వదిలేశాడని నాకు బాధగా ఉంది.

నిలదీత (ఆదివారం, రాత్రి 8:30)

హవల్దార్ గారితో నేను ఏకీభవిస్తాను. ఇంకో మెట్టు ముందుకెళ్తాను. ఉద్యోగాల ఉత్తర్వు కూడా గట్టిది కాదు.

ఎఫ్ఈపీసీకి జరిమానా వేసే అధికారం లేదు. కంపెనీని కోర్టుకీడ్చే అధికారం లేదు. ఫిర్యాదు వింటుంది, బహిరంగ విచారణ పెడుతుంది, తప్పు చేశావని చెబుతుంది. అంతే. 1942 జూన్‌లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో విచారణ పెట్టినప్పుడు, కమిటీకి తొలి ఛైర్మన్‌గా చేసిన మార్క్ ఎథ్రిడ్జ్ అక్కడ నిలబడి, దక్షిణాది తెల్లవాళ్ల చేత వేర్పాటు (నల్లవాళ్లను వేరుగా ఉంచే పద్ధతి) వదిలించే శక్తి లోకంలో ఏదీ లేదని చెప్పాడు. కమిటీ మనిషే అలా చెప్తే ఫ్యాక్టరీ యజమాని ఎందుకు భయపడతాడు? యుద్ధం అవ్వగానే దక్షిణాది సెనేటర్లు డబ్బు ఆపేశారు, 1946లో కమిటీ మూతపడింది.

ఆనాడే మార్చ్ యువజన విభాగం వాళ్లు ఇది లొంగుబాటు అన్నారు. బేయర్డ్ రస్టిన్ కూడా వాళ్లలో ఉన్నాడు. లక్ష మంది బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నప్పుడు ఇంకో వారం ఆగితే ఏం పోయేది?

సెయింట్ లూయీ తెలుగు (సోమవారం, ఉదయం 7:15)

నేను ఉండే ఊరి కథ చెప్పకపోతే ఈ చర్చ సగమే అవుతుంది. వాషింగ్టన్ మార్చ్ ఆగింది గానీ మార్చ్ కోసం కట్టిన సంఘం ఆగలేదు. ఊరూరా శాఖలుగా నిలబడింది. అన్నిటికన్నా గట్టిగా పనిచేసినవాటిలో సెయింట్ లూయీ శాఖ ఒకటి. నాయకుడు టి.డి. మెక్‌నీల్, ఆయనా పోర్టర్ల యూనియన్ వాడే.

ఇక్కడ యూ.ఎస్. కార్ట్రిడ్జ్ అనే తూటాల ఫ్యాక్టరీ ఉండేది. వేలల్లో ఉద్యోగాలు. 1942లో నల్లజాతి కార్మికులను కొందరిని తీసేస్తే, జూన్‌లో వందల మంది ఫ్యాక్టరీ చుట్టూ నడిచారు. కొద్ది రోజుల్లోనే కంపెనీ నల్లజాతి స్త్రీలను పనిలోకి తీసుకుంది. అంతకు ముందు అక్కడ వాళ్లకు ఉత్పత్తి పనే లేదు. ఆగస్టులో కార్టర్ కార్బురేటర్ ఫ్యాక్టరీకి నడిచారు. ప్లకార్డుల మీద రాసినవి ఉద్యోగాల గురించే, సైన్యంలో ఉన్న కొడుకుల గురించే.

1943లో ఫోన్ కంపెనీ వంతు. నల్లజాతి ఆడపిల్లలను ఆపరేటర్లుగా తీసుకోవడం లేదని రెండొందల మందికి పైగా ఆఫీసుకు వెళ్లి ఫోన్ బిల్లులు పెన్నీ నాణేల్లో కట్టారు. ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది గుమాస్తాలకు. 

అంటే నిలదీత గారూ, లక్ష మంది ఒక్క రోజు నడవకపోయినా, వందల మంది మూడేళ్ల పాటు ఫ్యాక్టరీ గేట్ల ముందు నడిచారు. వాళ్ల చేతిలో 8802 ఉంది. దేశాధ్యక్షుడి మాట ఇది, మీరెందుకు పాటించరు అని అడగగలిగారు. ఆ కాగితం లేకపోతే ఆ ప్రశ్న లేదు. మెక్‌నీల్ 1960లో మిస్సోరీ రాష్ట్ర సెనేట్‌కి ఎన్నికయ్యాడు, అక్కడ అడుగుపెట్టిన తొలి నల్లజాతి సెనేటర్.

తూటాల ఫ్యాక్టరీలో తర్వాత ఏం చేశారంటే, నల్లజాతి కార్మికులందరినీ ఒకే బిల్డింగులో వేరుగా పెట్టారు. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నా.

కృష్ణలంక కుర్రాడు (సోమవారం, 7:50)

ఇంకో డౌట్. రాండాల్ఫ్ 1941 మార్చ్‌కి తెల్లవాళ్లు రావద్దన్నాడని చదివాను. వివక్ష వద్దని అడుగుతూ వాళ్లను ఆపడం ఏం న్యాయం?

రైలుపట్టా (సోమవారం, 9:05)

మంచి ప్రశ్న తమ్ముడూ. ఆనాడు కూడా చాలామంది అడిగారు.

రెండు కారణాలు. ఒకటి, అంతకు ముందు ఆయన అధ్యక్షుడిగా ఉన్న నేషనల్ నీగ్రో కాంగ్రెస్‌ కమ్యూనిస్టుల చేతుల్లోకి వెళ్లింది, 1940లో బయటికొచ్చేశాడు. 1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ మీద పడేవరకు కమ్యూనిస్టులు యుద్ధమే వద్దన్నారు. ఆ మర్నాటి నుంచి యుద్ధానికి అడ్డు వచ్చేవేవీ వద్దన్నారు. ఇలాంటి మలుపుల్లో మార్చ్ చిక్కుకోకూడదని ఆయన పట్టుదల. ఆ రోజుల్లో పార్టీలో తెల్లవాళ్లు ఎక్కువ కాబట్టి ఆ తలుపు మూశాడు. రెండోది నాకు ముఖ్యం. మన పోరాటానికి మన డబ్బు, మన నాయకత్వం ఉండాలని. చందా వేరేవాళ్లదైతే నిర్ణయమూ వాళ్లదే అవుతుంది. తెల్లవాళ్ల మీద ద్వేషం దానిలో లేదు, మిగతా కార్యక్రమాల్లో వాళ్లతో కలిసే పనిచేశాడు. 1963 మార్చ్‌కి అందరినీ పిలిచాడు.

నిలదీత గారికి జవాబు. ఎఫ్ఈపీసీ బలహీనమైనదే, కాదనను. 1943 మేలో రూజ్‌వెల్ట్ మళ్లీ ఇంకో ఉత్తర్వు ఇచ్చి దాన్ని కొంత గట్టి చేయాల్సి వచ్చింది, ప్రాంతీయ ఆఫీసులు అప్పుడే వచ్చాయి. ఫిలడెల్ఫియా చూడండి. అక్కడ ట్రాములు నడిపే ఉద్యోగం నల్లజాతివాళ్లకు ఇచ్చేవాళ్లు కాదు. కమిటీ ఒత్తిడి మీద 8 మందికి శిక్షణ ఇచ్చారు. ఎనిమిదే ఎనిమిది మంది! 1944 ఆగస్టు 1న తెల్ల కార్మికులు సమ్మె చేసి ఊరంతా ఆపేశారు. యుద్ధ సామగ్రి తయారయ్యే ఊరు అది. రూజ్‌వెల్ట్ వేలమంది సైనికులను పంపి, సమ్మె విరమించని వాళ్లకు సైన్యంలోకి వెళ్లక్కర్లేదన్న మినహాయింపు పోతుందని చెప్పించాడు. వారం లోపే సమ్మె పోయింది, ఆ 8 మందీ ట్రాములు నడిపారు. అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలం పోయాక నల్లజాతి పనివాడి హక్కు కోసం కేంద్ర ప్రభుత్వం తుపాకులతో వచ్చి నిలబడ్డ సందర్భాలు నాకు తెలిసి చాలా తక్కువ.

రక్షణ పరిశ్రమల్లో నల్లజాతి కార్మికుల వాటా 1942 మొదట్లో 3 శాతం లోపు, 1944 చివరికి 8 శాతం దాటింది. మనుషులు దొరక్క కంపెనీలు తీసుకున్నవాళ్లు వాళ్లలో చాలామంది ఉంటారు, ఒప్పుకుంటా. గేటు తెరవక తప్పని రోజున తెరవమని అడిగే చట్టబద్ధమైన మాట ఉండటం వేరు.

పాత గార్డు (సోమవారం, 11:30)

డెట్రాయిట్ కూడా గుర్తుపెట్టుకోండి. 1943 జూన్‌లో ప్యాకర్డ్ ఫ్యాక్టరీలో ముగ్గురు నల్లజాతి కార్మికులకు ప్రమోషన్ ఇచ్చారని 25,000 మంది తెల్లవాళ్లు పని మానేశారు. కొద్ది వారాలకే ఆ ఊళ్లో జాతి అల్లర్లు, 34 మంది చచ్చిపోయారు. యూనియన్ మనిషిగా నాకు అది తలుచుకుంటే సిగ్గేస్తుంది. కార్మికుడి ఐక్యత అని జీవితమంతా అరిచినవాళ్లం.

విద్యార్థి_ఓయూ (సోమవారం, మధ్యాహ్నం 2:10)

వీళ్లు ఇదంతా గాంధీజీ నుంచే నేర్చుకున్నారు కదా? మన దేశం నుంచే వెళ్లిందని మా సార్ చెప్పారు.

సీతాకోక (సోమవారం, 3:00)

కొంతవరకేనమ్మా. 1941 పిలుపు కార్మిక నాయకుడి ఎత్తు. ఇంత మందిమి వస్తాం, నువ్వు ఇవ్వకపోతే వచ్చి చూపిస్తాం అని. సమ్మె నోటీసులాంటిది. గాంధీ పేరు గట్టిగా వినిపించేది ఆ తర్వాత. 1942లో ఇక్కడ క్విట్ ఇండియా నడుస్తున్నప్పుడు అక్కడి పత్రికలు ఆసక్తిగా రాశాయి. ఆ తర్వాతి ఏడాది రాండాల్ఫ్ సంఘం అహింసాయుత ప్రత్యక్ష చర్య గురించి చర్చలు పెట్టింది. బేయర్డ్ రస్టిన్ అయితే స్వయంగా భారతదేశం వచ్చాడు, గాంధీ చనిపోయిన ఏడాది చివర్లో.

మన దగ్గరి నుంచి పోల్చాలంటే నాకు అంబేద్కర్ ముందు గుర్తొస్తారు. బ్రిటిష్‌వాళ్లు యుద్ధజాతులనే సిద్ధాంతం పెట్టి 1890ల్లో మహర్లను (అంబేద్కర్ పుట్టిన దళిత కులం) సైన్యంలోకి తీసుకోవడం ఆపేశారు. ఆ తలుపు తెరవమని ఆయన ఎన్నో ఏళ్లు అడిగారు. 1941లో వైస్రాయ్ రక్షణ సలహా సంఘంలో ఉండి ఒత్తిడి చేశారు, ఆ అక్టోబరులో బెల్గాంలో మహర్ రెజిమెంటు మళ్లీ ఏర్పడింది. అక్కడ రాండాల్ఫ్, ఇక్కడ అంబేద్కర్, అదే ఏడాది, అదే కోరిక. వాళ్లిద్దరికీ సంబంధం ఉందని నేననడం లేదు. 1946లో మాత్రం అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాశారు, నల్లజాతివాళ్లు ఐక్యరాజ్యసమితికి ఇచ్చే పిటిషన్ కాపీ కావాలని.

మాజీ హవల్దార్ (సోమవారం, రాత్రి 9:45)

సీతాకోక గారూ, ఆ సంగతి రాసినందుకు ధన్యవాదాలమ్మా.

సైన్యం కథ 1948లో ఎలా ముగిసిందో రాస్తాను. ఈ భాగం నేను బాగా చదివాను.

1946 ఫిబ్రవరిలో ఐజాక్ వుడర్డ్ అనే సార్జెంట్ సైన్యం నుంచి విడుదలై, యూనిఫాంలోనే బస్సులో ఇంటికి పోతున్నాడు. మరుగుదొడ్డికి ఆపమని అడిగాడని డ్రైవర్‌తో మాటామాటా వచ్చింది. సౌత్ కరొలినాలో ఒక ఊళ్లో బస్సు ఆపి పోలీసులకు అప్పగించాడు. పోలీసు అధికారి లాఠీతో కొడితే రెండు కళ్లూ పోయాయి. విచారణలో తెల్లవాళ్ల జ్యూరీ అరగంట లోపే ఆ అధికారిని వదిలేసింది. రూజ్‌వెల్ట్ తర్వాత అధ్యక్షుడైన ట్రూమన్ ఈ సంగతి విని కదిలిపోయాడని అంటారు. ఆ ఏడాది చివర్లో పౌరహక్కుల కమిటీ వేశాడు.

1948లో కొత్తగా సైనిక నమోదు చట్టం తెస్తున్నారు. మళ్లీ వేర్పాటుతోనే. మార్చి 22న రాండాల్ఫ్ బృందం ట్రూమన్‌ని కలిసింది. దేశమంతా తిరుగుతున్నాను, ఇక్కడ ప్రజాస్వామ్యం దొరికేదాకా బయటి దేశాల ప్రజాస్వామ్యం కోసం తుపాకీ పట్టుకోం అని మా వాళ్లు చెబుతున్నారు అన్నాడు. ట్రూమన్‌కి ఆ మాట నచ్చలేదు. మార్చి 31న సెనేట్ కమిటీ ముందు అదే మాట మళ్లీ చెప్పాడు. యువకులను నమోదు చేసుకోవద్దని చెబుతాను, జైలుకైనా పోతాం అని. యుద్ధం వస్తే అది దేశద్రోహం కాదా అని సెనేటర్ వేన్ మోర్స్ అడిగాడు. ఆ సెనేటర్ వీళ్లకు శత్రువు కూడా కాదు. అయినా రాండాల్ఫ్ మాట మార్చలేదు. జులైలో ఫిలడెల్ఫియాలో డెమొక్రాట్ల మహాసభ బయట స్వయంగా ప్లకార్డు పట్టుకుని పికెటింగ్ చేశాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి.

జులై 26న 9981 ఉత్తర్వు వచ్చింది. అదే రోజు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల మీద 9980. సైన్యంలో సమాన వ్యవహారం, సమాన అవకాశం అని రాసి ఉంది. రెజిమెంట్లు కలుపుతామని ఎక్కడా లేదు. విలేఖరులు అడిగితే, వేర్పాటు పోవాలన్నదే ఉద్దేశమని ట్రూమన్ నోటితో చెప్పాడు. జనరల్ బ్రాడ్లీ లాంటివాళ్లు సైన్యం సంఘ సంస్కరణకు కాదన్నారు. నేను బ్యారక్‌లో బతికినవాణ్ని, ఆ వాదన ఒప్పుకోలేను. పక్క మంచం వాడిది ఏ కులమో, ఏ ఊరో ట్రైనింగ్ మొదటి నెలలో తెలుస్తుంది. ఆ తర్వాత రాత్రి డ్యూటీలో వాడు మెలకువగా ఉంటాడా లేదా అన్నదొక్కటే కావాలి. కొరియా యుద్ధంలో అదే జరిగింది. తెల్ల దళాల్లో మనుషులు తగ్గిపోయి నల్లజాతి సైనికులతో నింపాల్సి వచ్చింది. కలిసి పోరాడారు, ఏ కొంపా మునగలేదు. 1954 నాటికి చివరి వేర్పాటు దళం రద్దయింది.

కాబట్టి 1941లో వదిలేసిన సగాన్ని మళ్లీ వెళ్లి పట్టుకొచ్చింది రాండాల్ఫే. అది నేను కాదనను. ఆ ఏడేళ్ల మధ్యలో పోయినవాళ్ల సంగతే నా బాధ.

నిలదీత (మంగళవారం, ఉదయం 6:50)

హవల్దార్ గారూ, చాలా బాగా రాశారు. ఒకటి చేరుస్తాను. ఉత్తర్వు రాగానే ఆగస్టులో రాండాల్ఫ్ ఆ ఉద్యమాన్నీ ఆపేశాడు. రస్టిన్ మళ్లీ ఒప్పుకోలేదు, కాగితం మీద వేర్పాటు అన్న మాటే లేదు, మనం కొనసాగాలి అన్నాడు. అప్పటికే నమోదుకు నిరాకరించి కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్లున్నారు. ఇది రెండోసారి.

బీచ్‌రోడ్ (మంగళవారం, 8:20)

టెక్సస్‌లో ఒక కంపెనీలో హెచ్ఆర్ పని చేస్తాను. ఈ చర్చ మా రోజువారీ పనికి ఎంత దగ్గరో చెప్పాలనిపించింది.

1941 ఉత్తర్వుకి వంశవృక్షం ఉంది. ప్రభుత్వంతో కాంట్రాక్టు ఉన్న కంపెనీ వివక్ష చూపకూడదు అనే సూత్రం అక్కడ మొదలై, 1961లో కెనడీ ఉత్తర్వులోకి, 1965 సెప్టెంబరులో జాన్సన్ ఇచ్చిన 11246లోకి వచ్చింది. దాదాపు 60 ఏళ్లు కాంట్రాక్టు కంపెనీలన్నీ దాని కిందే నడిచాయి. మేం ఏటా లెక్కలు రాసేవాళ్లం. 2025 జనవరి 21న ట్రంప్ ఇంకో ఉత్తర్వుతో దాన్ని రద్దు చేశారు. అధ్యక్షుడి సంతకంతో వచ్చినది అధ్యక్షుడి సంతకంతో పోయింది.

1964 పౌరహక్కుల చట్టం ఏడో భాగం మాత్రం ఉంది. 15 మంది, అంతకన్నా ఎక్కువ పనివాళ్లున్న యజమానులందరికీ వర్తిస్తుంది. అది తీసేయాలంటే కాంగ్రెస్ ఓటెయ్యాలి. అందులో పుట్టిన దేశం అన్న మాట ఉంది, 8802లో ఉన్న మాటే. మన తెలుగువాళ్లు యాస గురించో, దేశం గురించో ఉద్యోగంలో అన్యాయం జరిగిందని ఫిర్యాదు చేసేది ఆ మాట కిందే. చాలామందికి ఆ హక్కు ఉందనే తెలియదు, టెన్షన్ పడి ఊరుకుంటారు. 180 రోజుల్లో ఈఈఓసీలో (ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఫిర్యాదు ఇవ్వాలి, చాలా రాష్ట్రాల్లో 300 రోజుల వరకు వీలుంది. వీసా మీద ఉన్నవాళ్లూ ఇవ్వొచ్చు.

నిలదీత (మంగళవారం, 8:55)

బీచ్‌రోడ్ గారు చెప్పినదే నా వాదన. ఉత్తర్వుకి మార్చ్‌ని అమ్మితే చట్టం చేతికి రాదు. ఎఫ్ఈపీసీని శాశ్వత చట్టం చేయమని రాండాల్ఫ్ 1943 నుంచీ అడుగుతూనే ఉన్నాడు. 1963 మార్చ్ డిమాండ్లలోనూ అది ఉంది, గంటకు 2 డాలర్ల కనీస వేతనం పక్కన. ఆ ఏడాది జూన్ 22న కెనడీ వాళ్లను పిలిచి, ఇప్పుడు మార్చ్ చేస్తే పౌరహక్కుల బిల్లుకు నష్టమన్నాడు. జనం ఇప్పటికే వీధుల్లో ఉన్నారు అని జవాబిచ్చింది 74 ఏళ్ల రాండాల్ఫే. ఈసారి ఆపలేదు. ఆగస్టు 28న రెండున్నర లక్షల మంది నడిచారు, తర్వాతి ఏడాది చట్టం వచ్చింది.

రైలుపట్టా (మంగళవారం, 10:30)

అప్పుడూ ఇప్పుడూ ఒకటి కాదండి. 1963లో బిల్లు కాంగ్రెస్ ముందుంది, ఉత్తరాది చర్చిలు, యూనియన్లు వెంట నిలబడ్డాయి, టీవీ ఉంది, బర్మింగ్‌హామ్‌లో పిల్లల మీద కుక్కలను వదిలింది దేశమంతా చూసింది. 1941 కాంగ్రెస్‌లో దక్షిణాది కమిటీ ఛైర్మన్లను దాటి ఒక్క లైను చట్టం కూడా రాదు. నల్లజాతివాళ్లను కొట్టి చంపేవాళ్ల మీద బిల్లులే ఏళ్ల తరబడి సెనేట్‌లో చచ్చిపోయాయి. జులై 1న లక్ష మందికి బదులు ఇరవై వేలే వచ్చి ఉంటే, ఆ తర్వాత ఏ అధ్యక్షుడూ ఆ మనిషి మాటకు జడిసేవాడు కాదు. ఆ లక్ష సంఖ్య ఎంతవరకు నిజమో రాండాల్ఫ్‌కి మాత్రమే తెలుసు. దాన్ని ఖర్చుపెట్టకుండా ఉత్తర్వు తెచ్చాడు, మర్నాడు మళ్లీ అదే బలంతో తిరిగాడు. 1942 జూన్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో దాదాపు ఇరవై వేల మందిని కూర్చోబెట్టాడు.

నిలదీత (మంగళవారం, 10:48)

ఆ ఇరవై వేల మందే 1941 జులైలో వైట్‌హౌస్ ముందు నడిచి ఉంటే బాగుండేదని నేను ఇంకా అనుకుంటున్నాను. సైన్యం మాట ఉత్తర్వులో రాయమని అడగడానికి అంతకన్నా మంచి రోజు మళ్లీ ఏడేళ్లకు గానీ రాలేదు.

మాజీ హవల్దార్ (మంగళవారం, 11:20)

నేను నిలదీత గారి వైపే. రైలుపట్టా గారూ, మీరు ఈ చర్చ పెట్టినందుకు సంతోషం. పోర్ట్ షికాగో విచారణకు తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన థుర్గుడ్ మార్షల్ వెళ్లి కూర్చున్నాడు, దాని మీద విడిగా ఒక చర్చ మొదలుపెడతాను. అక్కడ కలుద్దాం.